ఐదా, ఎనిమిదా, నాలుగా? – హొసూరు సీమలో భాషాభాగాల పాఠం

హొసూరుకు దగ్గరలో, దక్షిణ పినాకిని మీద కట్టిన ఆనకట్ట పక్కన ఉన్న ఊరు కెలవరపల్లి. ఆ చుట్టుపక్కల పల్లెల పిల్లలకు సెలవు రోజుల్లో తెలుగు చెప్పడానికి మేము కొంతకాలం వెళ్ళి వస్తూ ఉండేవాళ్ళం. ఒకనాడు భాషాభాగాలు మొదలుపెట్టాం. నల్లబల్ల మీద నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని వరసగా రాసి, "ఇవి ఐదు" అన్నాం. ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి లేచి, "ఇంగ్లీషులో ఎనిమిది గదా సార్, తమిళంలో నాలుగే గదా! మిగిలినవి ఏమైనాయి?" అని అడిగింది.

ఆ రోజు మేము చెప్పిన జవాబు మంచిది కాదు. ఏ భాష లెక్క ఆ భాషదేననీ, పరీక్షకు ఐదు అని రాస్తే చాలుననీ చెప్పి ముందుకు సాగిపోయాం. పిల్ల కూర్చున్నది కాని, ప్రశ్న కూర్చోలేదు. అప్పుడు చెప్పవలసిన జవాబును ఇక్కడ రాయడానికి ప్రయత్నిస్తున్నాం. ఆంధ్ర, తెలంగాణలకు వెలుపల తెలుగు చదువుకొనే విద్యార్థులందరికీ ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న ఎదురయ్యేదే.

హొసూరు సీమలో దీనికి కొంత ఎక్కువ బరువుంది. 1956లో భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. సేలం జిల్లాలో ఉన్నది 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో, కార్యాలయంలో తమిళం, ఇదీ ఇక్కడి వాడుక. 2006లో తమిళనాడులో వచ్చిన తమిళ అభ్యసన చట్టం 2006–07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏడాదికొక తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి పాఠం చేసింది. తెలుగు ఐచ్ఛికమయింది. దాని మీద న్యాయస్థానాల్లో నడిచిన వ్యాజ్యాల చర్చ మా పని కాదు. చదువు చెప్పేవారికి తెలియవలసిన ఫలితం ఒకటే: ఈ పిల్లలకు వ్యాకరణం మొదట తమిళంలో, పిదప ఇంగ్లీషులో పరిచయమవుతుంది. తెలుగు వ్యాకరణం మూడోదిగా, మిగిలిన కొద్ది గంటల్లో వస్తుంది. ఆ కొద్ది గంటలూ నిర్వచనాల వల్లెకే పోతే ఇక మిగిలేది లేదు.

ఇక లెక్క సంగతి. ఇంగ్లీషులో చెప్పే ఎనిమిది నిజానికి ఇంగ్లీషు కోసం పుట్టిన లెక్క కాదు. గ్రీకు వ్యాకర్తలు తమ భాషకు ఎనిమిది భాగాలు చెప్పుకున్నారు. లాటిన్ వారి భాషలో గ్రీకులో ఉన్న ఉపపదం లేదు. లేకపోతే ఏడు కావాలి గదా? వారు ఆశ్చర్యార్థకాన్ని వేరుగా లెక్కించి మళ్ళీ ఎనిమిదే చేసుకున్నారు! పూర్వులు చెప్పిన సంఖ్య మీద మనిషికి ఉండే గౌరవం అలాంటిది. సంస్కృతంలో యాస్కుడు నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం అని నాలుగు చెప్పాడు. పాణిని పదాలను సుబంతాలు, తిఙంతాలు అని రెండుగానే విడదీశాడు. తమిళంలో తొల్కాప్పియం నాటినుంచి పెయర్, వినై, ఇడై, ఉరి అని నాలుగు.

మన బడి పుస్తకాల ఐదు ఎక్కడిది? 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంజ్ఞ మొదలు ప్రకీర్ణకం వరకు పది పరిచ్ఛేదాలున్నాయి. భాషాభాగాలు అనే పరిచ్ఛేదం వాటిలో లేదు. పదాలను ద్రుతప్రకృతికాలు, కళలు అని విడదీసినప్పుడు సూరి చూసింది అర్థాన్ని కాదు; పదం చివర నకారం వస్తుందా రాదా, దాని వల్ల తరవాతి అక్షరం ఎలా మారుతుంది అన్నదే. అది పదం నడతను బట్టి చేసిన విభజన. బడిలో చెప్పే ఐదు మాత్రం ఇంగ్లీషు ఎనిమిదిని సంస్కృత పరిభాషలో పోసినట్లు ఉంటుంది. మొదటి నాలుగూ అవే. ఇంగ్లీషులో చివర వచ్చే నాలుగింటినీ, అంటే క్రియావిశేషణం, విభక్త్యర్థకం, సముచ్చయం, ఆశ్చర్యార్థకం అన్నవాటిని, కలిపి మనవారు అవ్యయం అనే ఒకే గంపలో వేశారు. నాలుగు, ఒకటి కలిస్తే ఐదు. ఆ అమ్మాయి అడిగిన 'మిగిలినవి' ఆ గంపలో ఉన్నాయి.

తమిళంలో నాలుగే ఎందుకు? సర్వనామాన్ని వారు పెయర్‌లోనే చేర్చారు. ఇడైచ్చొల్‌లో మన అవ్యయాలే కాక విభక్తి ప్రత్యయాలు కూడా ఉంటాయి. 'కెలవరపల్లిలో' అన్నప్పుడు చివరనున్న 'లో' ఇంగ్లీషువాడికి విడి పదం కనుక ఒక భాషాభాగం. తమిళ వ్యాకర్తకు 'ఇల్' ఇడైచ్చొల్. మన బడి పుస్తకంలో 'లో' ప్రత్యయం కనుక ఐదింటిలోనూ లేదు. చేసే పని మూడు చోట్లా ఒకటే. లెక్క మారడానికి కారణం భాషలో మాటలు తగ్గడం కాదు, దేన్ని పదంగా ఎంచారన్నది.

ఈ మాట చెప్పిన తరవాత పిల్లలతో చేయించవలసినది పరీక్ష. మార్కుల పరీక్ష కాదు, పదానికి పెట్టే పరీక్ష. అవ్యయంతో మొదలుపెట్టడం మంచిదని మా అనుభవం. లింగ వచన విభక్తుల వల్ల మారనిది అవ్యయం అని పిల్లలకు నోటికి వచ్చు. ఉదాహరణ అడిగితే 'ఇక్కడ, అక్కడ, రేపు, పైన' అని చెబుతారు. పుస్తకంలో కూడా అవే ఉంటాయి. అయితే 'ఇక్కడికి రా', 'ఇక్కడి నీళ్ళు', 'రేపటికి చూద్దాం', 'రేపటి పాఠం', 'పైనుంచి పడింది' అంటున్నాం గదా! విభక్తి చేరింది, రూపం మారింది. 'రేపు' అన్నది 'రేపటి' కావడానికీ, 'ఇల్లు' అన్నది 'ఇంటి' కావడానికీ, 'ఏరు' అన్నది 'ఏటి' కావడానికీ పోలిక ఉంది. సూరి ఔపవిభక్తికాలన్నది ఇలాంటి మార్పులనే. కాబట్టి నడతను బట్టి చూస్తే 'రేపు' నామవాచకాల పక్కన కూర్చోవలసిన మాట. 'కాని', 'అబ్బా', 'ఛీ' వంటివి మాత్రం ఎంత లాగినా మారవు. పుస్తకంలో ఉన్న ఉదాహరణ పుస్తకంలోని నిర్వచనానికే నిలవడం లేదని పిల్లలు తామే కనుక్కున్న రోజు తరగతిలో నిద్రపోయినవాడు లేడు. పరీక్షలో ఏం రాయాలి అని మాత్రం అడిగారు. పుస్తకంలో ఉన్నదే రాయమన్నాం. అందులో మాకేమీ సిగ్గు లేదు.

విశేషణానికి వస్తే, మూడు భాషలు తెలిసిన పిల్లవాడు ఒక భాషే తెలిసినవాడి కంటె ముందుంటాడు. హొసూరు అన్న పేరులోనే పాఠం ఉంది. 'హొస' కన్నడంలో కొత్త. తెలుగులో కొత్తూరు, తమిళంలో పుదూర్, కన్నడంలో హొసూరు. విశేషణం నామవాచకానికి ముందు నిలిచి, లింగ వచనాలకు లొంగకుండా ఉండడం మూడింటికీ సమానమే. మంచి పిల్లవాడు, మంచి పిల్ల, మంచి పిల్లలు: 'మంచి' కదలదు. ఇలాంటి అచ్చమైన విశేషణాలు మనకు తక్కువ. మిగిలిన పని నామవాచకానికి 'అయిన', 'గా' చేర్చి చేసుకుంటాం: అందం, అందమైన, అందంగా. తమిళంలో అళగు, అళగాన, అళగాగ. కన్నడంలో అంద, అందవాద, అందవాగి. మూడు భాషల్లోనూ ఈ ప్రత్యయాలు 'అవు' అనే అర్థమున్న ధాతువునుంచే వచ్చాయి. ఈ మూడు వరసలనూ పక్కపక్కన రాస్తే వేరే వివరణ అక్కర లేదు. 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ఉపోద్ఘాతంలో ఎల్లిస్ ఈ భాషలు ఒక కుదురువని చూపడానికి పట్టిక తరవాత పట్టిక వేశాడు. ఈ పిల్లలకు ఆ పట్టికలు నోట్లోనే ఉన్నాయి.

తమిళ పరిభాష మనకంటె తేటగా ఉన్నచోట దాన్ని వాడుకోవడానికి మొహమాటం ఉండకూడదు. 'వచ్చిన పిల్ల' అన్నప్పుడు 'వచ్చిన' అన్నదాన్ని మనం క్రియాజన్య విశేషణం అంటాం, 'వచ్చి కూర్చుంది' అన్నప్పుడు 'వచ్చి' అన్నదాన్ని క్త్వార్థకం అంటాం. తమిళ తరగతిలో అవే పెయరెచ్చం, వినైయెచ్చం. ఎచ్చం అంటే మిగిలినది, కొరత ఉన్నది. మొదటిది పేరు కోసం ఎదురుచూస్తుంది, రెండోది క్రియ కోసం ఎదురుచూస్తుంది. తమిళంలో నేర్చుకున్న ఈ మాటను తెలుగు తరగతిలో గుర్తుచేస్తే క్త్వార్థకం అన్న పేరు చూసి జడుసుకునే పని తప్పుతుంది.

అయితే పక్క భాష తోడ్పడినట్లే దారి తప్పించే చోట్లూ ఉన్నాయి. అసలు శ్రద్ధ అక్కడ పెట్టాలి. ఒకసారి ఒక అబ్బాయి తన గురించి రాస్తూ 'నేను విద్యార్థి' అని రాశాడు. తమిళంలో 'నాన్ మాణవన్', కన్నడంలో 'నాను విద్యార్థి' గనుక అతనికి అది సహజం. తెలుగులో అక్కడ నామవాచకం కూడా పురుషను బట్టి మారుతుంది: నేను విద్యార్థిని, నువ్వు విద్యార్థివి, మేము విద్యార్థులం. మేము 'విద్యార్థిని' అని దిద్దగానే తరగతి గొల్లుమంది. వాణ్ణి ఆడపిల్లను చేశామని! అప్పుడు మూడు వాక్యాలు రాశాం. 'నేను విద్యార్థిని.' 'ఆ విద్యార్థిని పిలు.' 'ఆ విద్యార్థిని బాగా పాడింది.' మొదటిదానిలో 'ని' నేను అన్నదానికి గుర్తు, రెండోదానిలో ద్వితీయా విభక్తి, మూడోదానిలో స్త్రీవాచకంలోని భాగం. పదాన్ని విడిగా రాసి ఇది ఏమిటి అని అడిగితే ఎవరూ చెప్పలేరు. వాక్యంలో పెడితే చిన్నపిల్లలైనా చెబుతారు. పదాల జాబితా ఇచ్చి భాషాభాగాలు గుర్తించమనే ప్రశ్న ఎందుకు పనికిరాదో చెప్పడానికి దీనికి మించిన ఉదాహరణ మాకు దొరకలేదు.

రెండో చిక్కు 'లేదు'. తమిళంలో 'ఇల్లై', కన్నడంలో 'ఇల్ల' ఏ పురుషకైనా మారవు. అందుచేత 'నేను ఇంట్లో లేదు' అనే వాక్యం మా చెవిన పడకపోలేదు. తెలుగులో అది క్రియ: నేను లేను, నువ్వు లేవు, వాడు లేడు, ఆమె లేదు, వాళ్ళు లేరు. ఇంతటితో పోతే బాగానే ఉండును. 'నేను నిన్న రాలేదు' అన్నప్పుడు మాత్రం అదే 'లేదు' మారదు. మారిస్తే 'నేను రాలేను' అవుతుంది. అది రావడానికి వీలు కాదని చెప్పే వేరే వాక్యం. ఉనికిని కాదనేటప్పుడు మారుతుంది, జరిగిన పనిని కాదనేటప్పుడు మారదు అని చెప్పి, పదేసి వాక్యాలు నోటితో అనిపించాలి. నిర్వచనం ఇక్కడ ఏమీ చేయలేదు.

ఇంకొక మాట. ఈ సీమలో ఇంటి తెలుగు 'ఈడ, ఆడ, వచ్చినాడు' అన్నట్లుంటుంది. దాన్ని ఎర్రసిరాతో కొట్టివేసి 'ఇక్కడ, అక్కడ, వచ్చాడు' అని రాయించే గురువులున్నారు. ఒకప్పుడు మేమూ చేశాం. పరీక్ష రాసే భాష నేర్పవద్దని అనము. కాని పైన చెప్పిన పరీక్ష 'ఈడ'కు కూడా పెట్టవచ్చు: ఈడికి, ఈడనుంచి, ఈడి నీళ్ళు. 'ఇక్కడ' నడిచినట్లే నడుస్తుంది. ఇంట్లో అవ్వ మాట్లాడే మాటకు కూడా వ్యాకరణం ఉందని పిల్లకు తెలిసిన తరవాత పుస్తకం మాట నేర్పడం సులువు. కొట్టివేతతో మొదలుపెడితే ఆ పిల్ల తెలుగు తనకు రాదనుకుంటుంది, ఐచ్ఛికం గనుక వదిలేస్తుంది.

ఈ పద్ధతిలో పాఠం మళ్ళీ మొదటినుంచి చెప్పిన రోజు, మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి 'వద్దు' అన్న మాట తెచ్చింది. 'నాకు వద్దు, నీకు వద్దు, వాళ్ళకు వద్దు. నువ్వు రావద్దు, వాళ్ళు రావద్దు. ఏమీ మారదు గదా సార్, అయితే అవ్యయమా?' అన్నది. పక్కనున్న అబ్బాయి ఒప్పుకోలేదు. దానితో వాక్యం ముగుస్తున్నది గనుక క్రియే అన్నాడు. తమిళంలో 'వేండామ్' కూడా మారదని ఇంకొకరు గుర్తుచేశారు. తరగతి రెండు పక్షాలైంది. ఆనకట్ట వైపునుంచి చివరి బస్సు వచ్చేవరకు వాదం తెగలేదు. మేమూ తెగ్గొట్టలేదు.