వార్తల్లో పదం: డ్రిప్ ప్రైసింగ్

సంగీత కచేరీకి ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల టికెట్ ఎంచుకున్నారనుకుందాం. సీటు ఖాయం చేసుకుని, పేర్లు, ఫోన్ నంబరు నింపి, డబ్బు కట్టే పేజీకి వచ్చాక కన్వీనియన్స్ ఫీజు 100 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిసి బిల్లు 1,118 అవుతుంది. ఇలా మొదట తక్కువ ధర చూపి, అదనపు రుసుములను చివర్లో బయటపెట్టడమే డ్రిప్ ప్రైసింగ్. అప్పటికే సీటుపై మనసు పడి ఉంటుంది, పైగా గడియారం సెకన్లు లెక్కపెడుతుంటుంది. వెనక్కి వెళ్లేవాళ్లు తక్కువ.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాల్లో 13 డార్క్ ప్యాటర్న్‌లను, అంటే ఆన్‌లైన్‌లో కొనుగోలుదారులను తప్పుదోవ పట్టించే పద్ధతులను, నిషేధించింది. వాటిలో డ్రిప్ ప్రైసింగ్ ఒకటి. అడగకుండానే విరాళమో, బీమానో బిల్లులో చేర్చే బాస్కెట్ స్నీకింగ్ మరొకటి. అమెరికాలోనూ ప్రత్యక్ష కార్యక్రమాల టికెట్లకు తప్పనిసరి రుసుములన్నీ కలిపిన ధరే ముందు చూపాలన్న నిబంధన 2025 మే 12 నుంచి అమల్లోకి వచ్చింది.

రీఫండ్ దగ్గర ఇంకో దెబ్బ. టికెట్ డబ్బు వెనక్కిచ్చినా కన్వీనియన్స్ ఫీజు ఇవ్వబోమని చాలా సంస్థలు నిబంధనల్లోనే రాసుకుంటాయి. ప్రేక్షకుడు మనసు మార్చుకుంటే సరే, నిర్వాహకులే కార్యక్రమం రద్దు చేసినప్పుడు కూడా కోత పెట్టడం అన్యాయం. బిల్లు స్క్రీన్‌షాట్ దాచుకోండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి.