మైకునే నమ్ముకున్న హైదరాబాదీ

కామెంటరీ బాక్సంటే మాజీ ఆటగాళ్లదే రాజ్యం. ఒక్క టెస్టూ ఆడకుండానే అక్కడ చోటు సంపాదించారు హర్షా భోగ్లే. 1961లో హైదరాబాద్‌లో ఓ మరాఠీ కుటుంబంలో పుట్టారు. ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్, ఆపై అహ్మదాబాద్ ఐఐఎంలో చదివారు. 19 ఏళ్లకే హైదరాబాద్ ఆకాశవాణిలో మైకు పట్టారు. 1991-92లో మన జట్టు ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు అక్కడి ఏబీసీ రేడియో ఆయన్ని పిలిచింది. ఆ పిలుపు అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. 1995 నుంచి ఈఎస్‌పీఎన్ టీవీ ద్వారా ఇంటింటికీ పరిచయమయ్యారు.

అంతటి వ్యాఖ్యాతనూ 2016 ఐపీఎల్ ముందు పక్కన పెట్టేశారు. కారణం తనకెవరూ చెప్పలేదన్నారు. 2018లో మళ్లీ ఐపీఎల్ మైకు అందుకున్నారు. పరాయి దేశంలో కాంట్రాక్టు మీద పనిచేసే మనవాళ్లకు ఆ బాధ తెలియనిది కాదు. ఉద్యోగం తీసేయొచ్చు గానీ, నేర్చిన పనిని ఎవరూ లాక్కోలేరు.