పిల్లి మనల్ని ఎందుకు వదలదు?

ఈ నెల గోడపత్రికలో మన హాస్టల్ పిల్లి గురించి వ్రాస్తున్నాను. దాన్ని ఉంచాలా, సంచిలో వేసి పాలేరు అవతల వదిలిరావాలా అని మనలో వాదన నడుస్తున్నది. వాదించే ముందు దాని సంగతి తెలుసుకుంటే మంచిది కదా!

పిల్లులు చాలా వరకు వాటి పని అవి చూసుకుంటాయి. మనది అట్లా కాదు. నీళ్ల తొట్టి దాకా వెంట వస్తది. ట్రంకు పెట్టె తీస్తే అందులో కూర్చుంటది. నోటు పుస్తకం తెరిస్తే దాని మీదనే పండుకుంటది. పిల్లిని చంకన పెట్టుకొని పెండ్లికి పోయినట్టు అని సామెత ఉంది. మనం పెట్టుకోకపోయినా ఇది తానే చంక ఎక్కుతది.

మనిషితో చుట్టరికం: ఇంటి పిల్లి మన అడవిలో తిరిగే జంగపిల్లి సంతానం కాదు. అది ఆఫ్రికా అడవిపిల్లి జాతి నుండి వచ్చింది. మనుషులు గింజలు నిల్వ చేస్తే ఎలుకలు వచ్చినయి. ఎలుకల కోసం పిల్లులు వచ్చినయి. సైప్రస్ అనే దీవిలో సుమారు 9,500 ఏండ్ల కిందటి సమాధిలో మనిషి పక్కన పిల్లి ఎముకలు దొరికినయి. ఈ సంగతి 2004లో ప్రకటించారు. అంటే అప్పటికే చుట్టరికం కలిసిందన్నమాట. మా గూడెంలో కూడా గాదె ఉన్న ఇంట్లో పిల్లి ఉంటది.

కాళ్లకు రాసుకొనుట: పిల్లి బుగ్గల్లో, నుదుటి దగ్గర, తోక మొదట్లో వాసన గ్రంథులు ఉంటాయి. మనకు రాసుకొని తన వాసన అంటిస్తది. "వీళ్లు నావాళ్లు" అని గుర్తు పెట్టుకోవడమే.

దుప్పటిని పిసుకుట: పిల్లి కూన పాలు తాగేటప్పుడు తల్లి పొట్టను ముందు కాళ్లతో నొక్కుతది. పెద్దయినా ఆ అలవాటు పోదు. మెత్తగా, వెచ్చగా ఉన్నచోట అట్లే చేస్తది. అప్పుడు గోళ్లు గుచ్చుకుంటాయి గానీ అది కోపం కాదు.

మ్యావ్ అనుట: పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అని ఎక్కువ మాట్లాడుకోవు. కూనలు తల్లిని పిలుస్తాయి. పెద్దపిల్లి మనల్ని అట్లా పిలుస్తుందంటే మనల్ని తల్లిలాగా చూస్తున్నదని అనుకోవచ్చు.

మరి కొన్నే ఎందుకు ఇంతగా అంటుకుంటాయి? కూనకు రెండు వారాల నుండి ఏడు వారాల వయసు ముఖ్యం. ఆ రోజుల్లో మనుషులు ఎత్తుకుంటే, ముట్టుకుంటే జీవితాంతం మచ్చికగా ఉంటది. మన పిల్లి స్టోర్ రూంలో బియ్యం బస్తాల వెనక పుట్టింది. కళ్లు తెరిచిన నాటి నుండి అందరం ఎత్తుకున్నవాళ్లమే. మనమే దాన్ని ఇట్లా చేసి, ఇప్పుడు అవతల వదిలితే అది ఎవరి కాళ్లకు చుట్టుకోవాలి? పైగా పిల్లులకు దారి గుర్తుంటది, చాలా దూరం నుండి కూడా తిరిగి వచ్చిన పిల్లులు ఉన్నాయి. నడుమ రోడ్డు మీద లారీ కింద పడవచ్చు కూడా.

పిల్లి ఎదురొస్తే పని చెడుతుందని కొందరి భయం. ఇది రోజుకు ఇరవైసార్లు ఎదురొస్తది. చదివినవాళ్లకు మార్కులు వస్తూనే ఉన్నాయి, చదవనివాళ్లకు రావడం లేదు.

అయితే వార్డెన్ మేడం గారి భయంలో నిజం ఉంది. పిల్లి కరిచినా, గీరినా రేబిస్ రావచ్చు. రేబిస్ వచ్చాక బతకడం దాదాపు లేదు. కాబట్టి గాయాన్ని వెంటనే సబ్బు, ధార నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. కారం, పసుపు, సున్నం పెట్టరాదు. అదేరోజు మేడం గారికి చెప్పి ఆసుపత్రికి పోయి సూది వేయించుకోవాలి. తిడతారని దాచవద్దు.

మనం పాటించవలసినవి:
1. వంటగదిలోకి, పడకల మీదికి రానీయరాదు. పండుకోవడానికి వరండాలో పాత గోనెసంచి వేయాలి.
2. ముట్టుకున్నాక చేతులు కడిగే అన్నం తినాలి.
3. తోక పట్టి గుంజరాదు. తోక కొడుతూ చెవులు వెనక్కి పెడితే వదిలేయాలి.
4. పాలు చాలా పెద్ద పిల్లులకు పడవు, విరేచనాలు అవుతాయి. నీళ్లు పెట్టాలి. ఉత్త అన్నం చాలదు, దానికి మాంసం, చేపలు కావాలి.
5. పశువుల డాక్టరు గారిని అడిగి టీకా, పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించాలి. పిల్లి కడుపుతో సుమారు 9 వారాలే ఉంటది, ఏడాదికి రెండు మూడు ఈతలు ఈనగలదు. లేకపోతే ఒక పిల్లి పది అవుతది.

పిల్లికి ప్రేమ ఎట్లా చెప్పాలి? దానివైపు చూసి మెల్లగా కళ్లు మూసి తెరవండి. 2020లో ఇంగ్లండు పరిశోధకులు ఇట్లా చేసి చూస్తే, పిల్లులు కూడా తిరిగి అట్లే చేసినయి, దగ్గరికి వచ్చినయి.

ఐదో తరగతిలో కొత్తగా చేరిన చెల్లెళ్లు ఇంటి మీద బెంగతో సాయంత్రం వరండాలో కూర్చుంటారు. మన మాటలు వాళ్లకు ఇంకా సరిగ్గా అర్థం కావు. పిల్లి పోయి వాళ్ల పక్కన కూర్చుంటది. దానికి ఏ భాషా అక్కరలేదు. అందుకని పై నియమాలు నేను, మా రూము వాళ్లం పాటిస్తాము, పిల్లిని ఉంచండి అని మేడం గారిని వేడుకుంటున్నాము.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని