సరుగుడు తోట: కరువుకు ఆగే చెట్టు, మన నేలకు ఏమిస్తుంది?

భోగాపురం, పూసపాటిరేగ నుంచి రణస్థలం, ఎచ్చెర్ల వైపు వెళ్తుంటే సరుగుడు తోటలు కనిపిస్తూనే ఉంటాయి. నీళ్లు లేని ఇసక మెట్టలో కూడా పచ్చగా నిలబడే చెట్టు ఇది. మాకూ రెండెకరాలు ఉంది. మొదటిసారి దెబ్బతిన్నాను, రెండోసారి నేర్చుకున్నాను. తోటంతా వీడియోలో చూపించాను, వివరం ఇక్కడ రాస్తున్నాను.

దీన్ని కొందరు పైన్ చెట్టు అంటారు. ఆస్ట్రేలియన్ పైన్ అని ఇంకో పేరు కూడా ఉంది. కానీ ఇది పైన్ జాతి కాదు, పూలు పూసే చెట్టు. మనం ఆకు అనుకునే సూది నిజానికి సన్నటి పచ్చకొమ్మ. ఒక సూదిని లాగి చూడండి, గణుపు దగ్గర ఊడి వస్తుంది. ఆ గణుపు చుట్టూ ఉన్న చిన్న చిన్న పొలుసులే అసలు ఆకులు. ఆకు అంత చిన్నది కాబట్టి, గాలి రంధ్రాలు సూది మీది గాడుల్లో దాగి ఉంటాయి కాబట్టి నీరు తక్కువ ఆవిరవుతుంది. కరువుకు ఆగే రహస్యం ఇదే.

రెండో బలం వేరులో ఉంది. కంది, పెసర వేళ్లలో రైజోబియం ఉన్నట్టే సరుగుడు వేళ్లలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. నేను మొదట దెబ్బతిన్నది ఇక్కడే. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కల వేళ్లు చూడలేదు. ఒక్క బుడిపె లేదు. మాది అంతకుముందు సరుగుడు ఎరగని నేల. ఏడాది దాటినా మొక్క పసుపుగా, గిడసబారి ఉండిపోయింది. రెండోసారి మా పెదనాన్న చెప్పినట్టు, తెగులు లేని పాత తోటలో చెట్ల మొదళ్ల దగ్గర మట్టి తెచ్చి నారుమడిలో కలిపాను. నాటేటప్పుడు వేళ్లకు బుడిపెలు కనిపించాయి. గుంటకు గుప్పెడు ఘనజీవామృతం వేసి వానల్లో నాటాను. నీరు నిలిచే పల్లంలో మాత్రం నాటకండి, వేరు దెబ్బతిని ఎండుతెగులు వస్తుంది.

రాలిన ఆకు సంగతి. మన ఊళ్లలో పొయ్యిలోకని మొత్తం ఊడ్చుకుపోతారు. ఊడ్చిన కొద్దీ నేల తిండి బయటికి పోయినట్టే. నేను సగమైనా వదిలేస్తున్నాను, మీద జీవామృతం చల్లుతున్నాను. ఆ ఆకు నెమ్మదిగా కుళ్లుతుంది, ఎండల్లో అగ్గి అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అందుకే తోట చుట్టూ బాట మాత్రం శుభ్రంగా ఊడ్చి ఉంచుతాను.

ఇక డబ్బు. నాలుగైదేళ్లకు కోత. సన్న కర్ర పందిళ్లకు, గుంజలకు. మిగతాది కాగితం మిల్లుకు, వంటచెరకుకు పోతుంది. మొదటి ఏడు వరసల మధ్య ఉలవ, నువ్వు, వేరుశనగ వేస్తే చేతిలో కొంత ఆడుతుంది. తర్వాత నీడ కమ్ముతుంది, ఏమీ రాదు. మొదటి తోటను చూపు లెక్కన గుత్తకు ఇచ్చేశాను. లారీలు లెక్కపెట్టాక గానీ ఎంత పోయిందో అర్థం కాలేదు. ఇప్పుడు కాటా వేసి, టన్ను లెక్కనే అమ్ముతున్నాను.

అలాగని పొలమంతా ఇదే వేయకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ మనం చూశాం. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి. సరుగుడు గాలి జోరు తగ్గిస్తుంది, కానీ పెద్ద తుపానుకు అదీ విరుగుతుంది. ఉన్నదంతా దాని మీదే పెడితే నాలుగేళ్ల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. అందుకే సముద్రం వైపు మూడు నాలుగు వరసలు అడ్డంగా, చెట్టుకు చెట్టు ఎదురు రాకుండా నాటి, లోపల జీడి, మామిడి, చోడి, కంది పెట్టుకోండి. తీరం అంచుదాకా కూడా నాటొద్దు. మన ఇసక మీదే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, వాటికి ఖాళీ ఇసక కావాలి.

ఈసారి మొక్కలు కొనేముందు ఒక సంచి చింపి వేరు చూడండి. బుడిపె ఉందా లేదా కింద కామెంట్లో రాయండి.