కాజీపల్లి గాలిలో హ్యాంగయ్యే కంప్యూటర్

సినిమా నడుస్తుండగా బొమ్మ ఆగిపోతుంది. మౌస్ కదలదు. మాట మాత్రం మధ్యలో చిక్కుకుని ఒకే ముక్క గరగరా మోగుతూనే ఉంటుంది. సికింద్రాబాద్ సీటీసీలో విడిభాగాలు కొని అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్ ఇలా మొరాయిస్తే చాలామంది ముందు విండోస్ ఫార్మాట్ కొట్టిస్తారు. అంతకన్నా ముందు ఆ మోగే ముక్కను పట్టించుకోవాలి. సౌండ్ చిప్ వాయించాల్సిన డేటా ర్యామ్‌లో కొద్దిపాటి చోటులో ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు నింపే పని ప్రాసెసర్‌ది. ప్రాసెసర్ ఆగిపోతే సౌండ్ చిప్ పాత ముక్కనే తిప్పి తిప్పి వాయిస్తుంది. అంటే బోర్డుకు కరెంటు అందుతోంది, పని మాత్రం ఆగింది.

ఆ సమయంలో కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే విండోస్ లోలోపల బతికే ఉంది, ఎవరి జవాబు కోసమో ఎదురుచూస్తోంది. మౌస్ కదులుతున్నా ఏ ఫోల్డరూ తెరుచుకోకపోతే ఎస్ఎస్‌డీనో, దాని కేబులునో అనుమానించాలి. తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగొస్తే గ్రాఫిక్స్ కార్డు సంగతి చూడాలి; అది రెండు సెకన్లలో బదులివ్వకపోతే విండోసే దాని డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెడుతుంది. లైటు కూడా స్పందించకపోతే వెతకాల్సింది ర్యామ్, ప్రాసెసర్, మదర్‌బోర్డ్, వాటికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌లలో. ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే ‘కర్నల్ పవర్ 41’ చూసి చాలామంది ఎస్ఎంపీఎస్ మార్చేస్తారు. కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాకుండా మళ్లీ మొదలైందన్నదే దాని అర్థం. హ్యాంగైనప్పుడు మనం బటన్ నొక్కిపట్టి ఆపినా అదే నమోదవుతుంది.

వేడి మీద కూడా నింద ఎక్కువే పడుతుంది. ప్రాసెసర్ 95, 100 డిగ్రీలకు చేరితే ముందు తనే వేగం తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే ఆరిపోతుంది. కంప్యూటర్ బిగుసుకుపోతే నాకు ర్యామ్ మీదే అనుమానం ఎక్కువ. గూగుల్ సర్వర్లను పరిశీలించి 2009లో వెలువరించిన అధ్యయనంలో, ఏడాదిలో సుమారు 8 శాతం ర్యామ్ మాడ్యూళ్లలో తప్పులు కనబడ్డాయి. ఆ సర్వర్లలో తప్పును దిద్దే ఏర్పాటు ఉంటుంది. మన ఇళ్లలోని మామూలు ర్యామ్‌లో అంత పూర్తి ఏర్పాటు ఉండదు. అందుకే బయోస్‌లో ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీ సెట్టింగు ఆపేసి ర్యామ్‌ను మామూలు వేగంతో కొన్నాళ్లు నడపాలి. ర్యామ్ పరీక్షకు రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టి వదిలేయాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ర్యామ్, కేబులు, డ్రైవర్ ఒకేసారి మార్చితే జబ్బు తగ్గినా కారణం తెలియదు.

కొన్ని యంత్రాలు పని లేనప్పుడే హ్యాంగవుతాయి. 2017 నాటి తొలి రైజెన్ ప్రాసెసర్లున్న కంప్యూటర్లలో కొన్నింటికి ఈ బాధ ఉండేది. ఖాళీగా ఉన్నప్పుడు అవి మరీ తక్కువ కరెంటు తీసుకోవడం కొన్ని ఎస్ఎంపీఎస్‌లకు సరిపడలేదు. బయోస్‌లో ఒక్క సెట్టింగు మార్చితే సరిపోయింది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వచ్చిన అస్థిరతకు ఎక్కువ వోల్టేజీ కారణమని ఆ కంపెనీయే తేల్చి, మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ తరం ప్రాసెసర్ ఉన్నవాళ్లు బయోస్ అప్‌డేట్‌ను వాయిదా వేయకూడదు.

ఇవన్నీ ఏ ఊళ్లోనైనా ఉండేవే. పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతంలోని కాజీపల్లిలో మాత్రం కేబినెట్ బయట కూడా చూడాలి. పారిశ్రామికవాడలో పెద్ద మోటారు నేరుగా స్టార్టయితే ఆ క్షణాన మామూలు కంటే ఆరేడు రెట్ల కరెంటు లాగుతుంది, ఆ లైను మీద వోల్టేజీ కుంగుతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక ఆవృత్తి 20 మిల్లీసెకన్లు. పూర్తి లోడు మీద మంచి ఎస్ఎంపీఎస్ కరెంటు లేకుండా నిలబెట్టేది సాధారణంగా 16, 17 మిల్లీసెకన్లే. కెపాసిటర్లు ముసలివైతే అంత కూడా ఉండదు. వోల్టేజీ బాగా పడితే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. అంచులో ఊగితే ఎక్కడో ఒక బిట్ తప్పి అక్కడే ఆగిపోవచ్చు. హ్యాంగైన టైము ఒక కాగితం మీద రాసుకుంటూ, ట్యూబులైటు మినుకుమన్న వేళలతో పోల్చి చూడండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, అది కరెంటును త్వరగా అందుకునేలా వెనక స్విచ్ ‘యూపీఎస్’ వైపు ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఇక గాలి. పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతాన్ని 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేర్చింది. ఇక్కడి జనం రాత్రిపూట ఘాటు వాసనల గురించి ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను మన ముక్కు వంద కోట్ల భాగాల్లో కొద్ది భాగాలున్నా పసిగడుతుంది. ఎలక్ట్రానిక్స్‌కు హాని మొదలయ్యేది కూడా దాదాపు ఆ మోతాదులోనే. ఐఎస్ఏ 71.04 అనే ప్రమాణం ప్రకారం, గదిలో వేలాడదీసిన రాగి రేకు మీద నెలలో 300 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే 30 నానోమీటర్లకు మించి తుప్పు పొర పెరిగితే ఆ గాలి కంప్యూటర్లకు మంచిది కాదు. వెండి రేకుకైతే హద్దు 200. వెండి పట్టీలను నల్లబరిచేదీ ఈ హైడ్రోజన్ సల్ఫైడే.

బోర్డు మీది బియ్యపుగింజ కన్నా చిన్న రెసిస్టర్లకు లోపల వెండి పొర ఉంటుంది. గంధకం పైపూత అంచుల సందులోంచి దూరి ఆ వెండిని సిల్వర్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. కరెంటు దారి సన్నబడుతుంది, ఒకసారి కలుస్తూ ఒకసారి విడిపోతూ ఉండవచ్చు. అందుకే ఆ జబ్బుకు వేళాపాళా ఉండదు.

ర్యామ్ తీసి బంగారు పూత పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టడం మన మెకానిక్‌ల అలవాటు. అప్పటికి పనిచేస్తుంది, పైన పట్టిన మడ్డి పోతుంది కనుక. అయితే ఆ పూత మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. రుద్దిన కొద్దీ పలచబడి కింది లోహాలు గాలికి దొరుకుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన నూలుగుడ్డతో మెల్లగా తుడిస్తే చాలు. రెసిస్టరే తెగితే తుడుపులేమీ పనిచేయవు, బోర్డు మార్చాల్సిందే.

తేమ పెరిగితే ఈ తుప్పు వేగం పెరుగుతుంది. ఎండాకాలం కిటికీలో పెట్టిన కూలర్ బయటి గాలిని తడిపి మరీ గదిలోకి తోస్తుంది. కంప్యూటర్‌ను ఆ గాలికి ఎదురుగా పెట్టకండి. ఘాటు వాసన వచ్చిన రాత్రి కంప్యూటర్ ఉన్న గది కిటికీ మూసి, మెషీన్ కట్టేయండి. ఫ్యాన్లు ఆగితే బోర్డు మీదుగా పారే గాలి తగ్గుతుంది.