3 గంటల 50 నిమిషాలు

ముందే చెప్తున్నా, నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఒత్తుల్లో తప్పులుంటే మన క్లబ్ ఎడిటర్లే దిద్దుకోవాలి. విషయం మాత్రం మన సీఎస్ఈ వాళ్లకి బాగా దగ్గరిది. డైక్‌స్ట్రా ఆల్గారిథమ్ మీద పది మార్కుల ప్రశ్నకి ఫుల్ ఆన్సర్ రాసొచ్చిన నేనే, ఆ బాపతు లెక్క చెప్పిన ఒక నంబర్ని గుడ్డిగా నమ్మి ఇంటిల్లిపాదినీ ఇబ్బంది పెట్టాను.

మా అక్కా బావా న్యూజిలాండ్‌లో ఉంటారు, ఆక్లాండ్‌లో. మొన్న జనవరిలో సంక్రాంతి సెలవులకి అమ్మా నాన్నా నేనూ వెళ్లాం. నాన్నకి అదే మొదటి ఫారిన్ ట్రిప్. ఆయన ఏదీ అడిగే మనిషి కాదు. అడిగింది ఒక్కటే: మిల్‌ఫర్డ్ సౌండ్ చూడాలి. కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన చోటు అది, దక్షిణ దీవిలో ఉంది. ఎప్పుడో ఎవరో ఇచ్చిన క్యాలెండర్‌లో ఆ ఫోటో చూశారట. సరే, అందరం క్వీన్స్‌టౌన్ దాకా ఫ్లైట్‌లో వెళ్లి కారు అద్దెకి తీసుకున్నాం. డ్రైవింగ్ బావ, ప్లానింగ్ నేను.

మ్యాప్‌లో గీత గీస్తే క్వీన్స్‌టౌన్ నుంచి మిల్‌ఫర్డ్ 70 కిలోమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. కానీ మధ్యలో పర్వతాలు. అందుకని రోడ్డు దక్షిణంగా టె అనౌ అనే ఊరికి దిగి, మళ్లీ పైకి ఎక్కి, మొత్తం 288 కిలోమీటర్లు తిరుగుతుంది. ఫోన్‌లో యాప్ 3 గంటల 50 నిమిషాలు అంది. ఏ యాప్ అనేది అనవసరం, అన్నీ దాదాపు ఒకేలా పనిచేస్తాయి. ఎనిమిదికి బయల్దేరితే 11:50కి చేరతాం. పడవ 1:30కి. గంటా నలభై నిమిషాలు చేతిలో ఉన్నాయి, ఇంకేం కావాలి అనుకుని టికెట్లు కొనేశాను.

ఇంతకీ ఆ నంబర్ ఎక్కడి నుంచి వస్తుంది? కూడళ్లు నోడ్లు, వాటి మధ్య రోడ్డు ముక్కలు ఎడ్జ్‌లు, ఒక్కో ముక్కకీ పట్టే సమయం దాని వెయిట్. తక్కువ మొత్తం వచ్చే దారి వెతకడం డైక్‌స్ట్రా 1959లోనే పేపర్ రాసి తేల్చేసిన పని. ఇప్పుడు వాడేవి దానికి ఇంకా స్పీడైన వెర్షన్లు, అంతే. అసలు చిక్కంతా వెయిట్ దగ్గరే. కోడ్ తెరిచి చూడాలనుకునేవాళ్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే ఓఎస్ఆర్ఎమ్ చూడండి, ఓపెన్ సోర్స్. దాని కారు ప్రొఫైల్‌లో రోడ్డు రకాన్ని బట్టి ఒక వేగం రాసిపెట్టి ఉంటుంది: మోటార్‌వేకి గంటకి 90, ప్రైమరీ రోడ్డుకి 65, ఇళ్ల మధ్య రోడ్డుకి 25, ఇలా. స్పీడ్ లిమిట్ తెలిస్తే దాన్ని 0.8తో గుణిస్తారు. ఆ 0.8 ఉన్న లైన్ చూసి నేను కాసేపు నవ్వుకున్నా. మన ల్యాబ్‌లో గ్రాఫ్ సరిగ్గా రాకపోతే మనం వేసే కాన్‌స్టాంట్ లాంటిదే కదా.

పెద్ద కంపెనీలు దీన్ని దాటి చాలా దూరం వెళ్లాయి. ఆ రోడ్డు మీద వెళ్తున్న ఫోన్ల నుంచి వేగాలు తీసుకుంటాయి. 2020లో గూగుల్, డీప్‌మైండ్ కలిసి పక్కపక్కనున్న రోడ్డు ముక్కల్ని 'సూపర్ సెగ్మెంట్' అని గుంపు చేసి, వాటి మీద గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్క్ నడిపి సమయం అంచనా వేస్తున్నామని ప్రకటించాయి. సిటీల్లో, మోటార్‌వేల మీద ఇది బాగా పనిచేస్తుంది. ఆక్లాండ్ నుంచి హామిల్టన్ వెళ్లినప్పుడు మా కారు చెప్పిన టైమ్‌కి అటూ ఇటూగా చేరింది. బావ అయితే "హైదరాబాద్‌లో ఉండగా మా మేనేజర్ కన్నా దీన్నే నమ్మేవాణ్ణి" అన్నాడు.

కానీ ఆ వేగాలు ఎవరివి? ఎక్కువగా ఆ ఊరివాళ్లవి. ఏ మలుపు తర్వాత ఏముందో వాళ్లకి తెలుసు. న్యూజిలాండ్‌లో ఊరి బయట మామూలు రోడ్డు మీద లిమిట్ 100. రెండు వరుసల సన్న రోడ్డే, మధ్యలో డివైడర్ ఉండదు, అయినా 100. మలుపుల దగ్గర మాత్రం పసుపు బోర్డుల మీద 25, 35, 65 అని సలహా వేగం రాస్తారు. ఇక్కడి మనిషి 65 బోర్డు దగ్గర 65లో తిరుగుతాడు. కొత్తవాడు 45కి దించి, మలుపు దాటాక కూడా భయంభయంగా ఎక్కిస్తాడు. మనలాగే అక్కడా ఎడమ పక్క డ్రైవింగే కాబట్టి మనకి కొంత నయం. అమెరికా నుంచో యూరప్ నుంచో వచ్చినవాళ్లకి అదీ లేదు. ట్రాఫిక్ లేకపోతే రోడ్డు ఖాళీ, ఖాళీ అయితే స్పీడ్, అనేది మన సిటీ లాజిక్. అక్కడ ట్రాఫిక్ లేకుండానే ఆలస్యం అవుతుంది.

ఇక ఆ రోజు సంగతి. ఎనిమిదికి అనుకున్నది 8:25కి బయల్దేరాం. టె అనౌకి 10:40కి చేరాం. అక్కడి నుంచి ముందుకి పెట్రోల్ దొరుకుతుందని నమ్ముకోకూడదు, సిగ్నల్ కూడా దాదాపు ఉండదు. కాబట్టి ట్యాంక్ నింపి, అక్క చేసిన పులిహోర తిని, బాత్‌రూమ్ క్యూలో నిలబడి బయటపడేసరికి 40 నిమిషాలు. అప్పుడు యాప్ 1:10కి చేరతారంది. పర్లేదు, 20 నిమిషాలు ఉన్నాయి. మిర్రర్ లేక్స్ దగ్గర నాన్న ఆపమన్నారు. నీళ్లలో కొండలు తలకిందులుగా కనిపించే చోటు. ఇంకో 15 నిమిషాలు. చేరే టైమ్ 1:25 అయింది.

అక్కడి నుంచే బావ స్పీడ్ పెంచాడు. నేను పక్క సీట్లో కూర్చుని "1:25... 1:24 అయింది బావా" అని స్కోరు చెప్పినట్టు చెప్తున్నా. ఆ దారిలో ఒకే కారు పట్టే వంతెనలు ఉంటాయి. బోర్డు మీద మన వైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే ఎదుటివాళ్లకి దారివ్వాలని అర్థం. నేను ఫోన్ చూస్తున్నా, బావ రోడ్డు చూస్తున్నాడు, బోర్డు ఇద్దరం చూడలేదు. అప్పటికే వంతెన మీద ఎదురుగా పెద్ద క్యాంపర్ వ్యాన్. బ్రేక్ వేస్తే వెనక సీట్లో పులిహోర డబ్బా ఎగిరి ముందుకొచ్చి పడింది. వంతెన అంచుకి ఇంకా కొంత దూరం ఉండగానే ఆగాం, ఎవరికీ ఏమీ కాలేదు. వ్యాన్ అతను చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. కారులో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి అమ్మే, "పడవ లేకపోతే లేదు నాయనా, మెల్లగా పోనివ్వు" అంది. ఎవరి ముఖం వైపూ చూడకుండా నేను ఫోన్ జేబులో పెట్టేశాను.

హోమర్ టన్నెల్ దగ్గర ఇంకో 15 నిమిషాలు ఆగాం. 1954లో తెరిచిన ఆ టన్నెల్ కిలోమీటర్ పైచిలుకు పొడవు, సన్నగా ఉంటుంది, లోపల ఏటవాలుగా దిగుతుంది. వేసవి రద్దీలో సిగ్నల్ లైట్లు పెట్టి ఒక్కో వైపు నుంచీ వంతులవారీగా వదులుతారు. ఆగిన కార్ల రబ్బరు బీడింగ్‌ని కియా అనే కొండ చిలకలు పీకుతుంటాయి. నాన్న వాటిని చూసి నవ్వారు, పొద్దుటి నుంచీ అదే మొదటిసారి. పార్కింగ్ నుంచి నడిచి టెర్మినల్‌కి వెళ్లేసరికి 1:55.

తర్వాత హోటల్లో కూర్చుని లెక్క వేశాను. బయల్దేరడంలో ఆలస్యం 25 నిమిషాలు. ఆపినవి 55. టన్నెల్ 15. పార్కింగ్, నడక 10. యాప్ చెప్పిన డ్రైవింగ్ 3:50 అయితే మేం నడిపింది 4:10, అంటే తేడా 20. మొత్తం 125 నిమిషాలు. నా దగ్గరున్నవి 100. నేను మూడు రోజులు తిట్టుకున్న యాప్ తప్పు ఆ 20 మాత్రమే! టన్నెల్ 15 కూడా దాని ఖాతాలో వేసినా 35. మిగతాదంతా నేను దాన్ని అడగని ప్రశ్న. అది చెప్పేది చక్రాలు తిరిగే సమయం. మనం వినేది చేరే సమయం.

ఇప్పుడు నేను చేసేది సింపుల్. మోటార్‌వే అయితే ఆ నంబర్ యథాతథంగా తీసుకుంటా. కొండ రోడ్డు, కొత్త దేశం అయితే డ్రైవింగ్‌కి పది, పదిహేను శాతం కలిపి, ప్రతి రెండు గంటలకీ అరగంట ఆగుతామని విడిగా రాసుకుంటా. రోడ్డు మూసేశారా, చలికాలంలో టైర్లకి గొలుసులు కావాలా అనేది ఆ దేశపు రోడ్ల శాఖ పేజీలో చూస్తా. మిల్‌ఫర్డ్ రోడ్డులో హిమపాతం భయం ఉన్న రోజుల్లో దారే మూసేస్తారు. ముఖ్యంగా, టైమ్‌కి కట్టిపడేసే టికెట్ అదే రోజు పెట్టుకోను. టె అనౌలో రాత్రి ఉండి ఉంటే మిగిలింది 120 కిలోమీటర్లే కదా.

కౌంటర్‌లో ఆవిడ మా ముఖాలు చూసి ఏమీ అడక్కుండానే తర్వాతి పడవకి మార్చింది. ఇలాంటివాళ్లు రోజూ వస్తారేమో. నాన్న పడవ ముందు భాగంలో నిలబడి, జలపాతం తుంపరకి తడుస్తూ, కళ్లజోడు కూడా తుడుచుకోకుండా చూశారు.

తిరుగు ప్రయాణంలో ఎవరూ యాప్ పెట్టలేదు. "ఎన్నింటికి చేరతాం అల్లుడూ?" అని నాన్న అడిగారు.

"చీకటి పడేలోపు మామయ్యగారూ" అన్నాడు బావ.

జనవరిలో అక్కడ సూర్యుడు తొమ్మిదిన్నరకి గానీ అస్తమించడు.