పొడిపుల్ల చేసిన మేలు

2020లో కరోనా పరీక్ష కోసం ముక్కులో పొడవాటి పుల్ల పెట్టించుకోవడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అగ్గిపెట్టెల కోవిల్‌పట్టి పక్కన ఉండేవాళ్లం కదా, పుల్ల అంటే మనకు కాస్త అలుసే! కాని ఆ పుల్ల ముక్కులోంచి బయటికి వచ్చాక జరిగే తతంగం పెద్దది. దాన్ని హైదరాబాదు శాస్త్రజ్ఞులు ఎలా తగ్గించారో ఈ పూట చెప్పుకుందాం.

మామూలు పద్ధతిలో ఆ పుల్లను ద్రవం పోసిన చిన్న గొట్టంలో ఉంచి మూత బిగిస్తారు. వైరస్ చెడిపోకుండా కాపాడే ద్రవం అది. ఒలికితే మోసేవారికీ ముప్పే, తెరిచేవారికీ ముప్పే. అందుకని పొర మీద పొర చుట్టి, చల్లని పెట్టెలో సర్ది పంపాలి. మన ఒట్టపిడారం వంటి ఊళ్లో తీసిన నమూనా ఏ తూత్తుకుడి ప్రయోగశాలకో చేరాలంటే ఇంత హంగూ ఉండాలన్నమాట. అక్కడికి చేరాక ఇంకో పని. వైరస్‌లోని జన్యుపదార్థాన్ని, అంటే ఆర్.ఎన్.ఎ.ను, విడదీయాలి. దానికి ఖరీదైన కిట్లు కావాలి, గంటల సమయం కావాలి. రోగులు పెరిగేకొద్దీ కిట్లకు కటకట వచ్చింది. ఫలితం కోసం ఎదురుచూసే ఆ రెండు మూడు రోజులూ రోగి ఇంట్లో ముసలివాళ్ల మధ్యే తిరుగుతుంటే, చివరికి వచ్చే కాగితం ఎవరిని కాపాడుతుంది?

హైదరాబాదులోని సి.సి.ఎం.బి. అనే పరిశోధన సంస్థలో, అప్పటి సంచాలకులు డాక్టర్ రాకేశ్ మిశ్రా నాయకత్వంలో, శాస్త్రజ్ఞులు చాలా మామూలు ప్రశ్న వేసుకున్నారు. అసలా ద్రవం ఎందుకు? పుల్లను పొడిగానే ఖాళీ గొట్టంలో పెట్టి పంపితే ఏం?

పంపి చూశారు. ప్రయోగశాలకు వచ్చిన పొడిపుల్లను టి.ఇ. బఫర్ అనే సాదా ద్రావణంలో కాసేపు ఉంచారు. ఆ ద్రావణాన్ని 98 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో 6 నిమిషాలు పెట్టారు. ఆ వేడికి వైరస్ పైపొర విచ్చిపోయి ఆర్.ఎన్.ఎ. బయటపడుతుంది. వైరస్‌కు అంటుకునే శక్తీ పోతుంది. ఇక నేరుగా ఆర్.టి.పి.సి.ఆర్. యంత్రంలో పెట్టడమే. విడదీసే కిట్టు అక్కరలేదు, కొత్త యంత్రమూ అక్కరలేదు. ఉన్న సిబ్బందితోనే రెండు మూడు రెట్లు పరీక్షలు చేయవచ్చని సంస్థ తెలిపింది.

2020 నవంబరులో భారత వైద్య పరిశోధన మండలి దీనికి ఆమోదం ఇచ్చింది. పాత పద్ధతి ఫలితాలతో పోల్చితే 96.9 శాతం సరిపోయాయి. తక్కిన 3 శాతం చిన్న సంగతా అని మీరడగవచ్చు. చిన్నది కాదు. కాని నాలుగు రోజులకు వచ్చే ఫలితం కంటే ఈ పూటే వచ్చే ఫలితం, కొద్ది తేడా ఉన్నా, అంటువ్యాధి కాలంలో ఎక్కువమందిని కాపాడుతుందని నా అభిప్రాయం.

ఒక మాట మాత్రం ఉంది. పుల్ల పొడిదైనా తడిదైనా సరైన చోటు తాకకపోతే ఏ పద్ధతీ ఏమీ చేయలేదు. క్షయ పరీక్షా అంతే. మనవాళ్లు ఆరంభ సుకాదార నిలయం అనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డబ్బా చేతికిస్తే, చాలామంది సిగ్గుపడి నోట్లోని ఉమ్మి ఊసి ఇచ్చేస్తారు. వాళ్లడిగేది ఉమ్మి కాదు, రొమ్ములోంచి దగ్గితే వచ్చే కళ్లె, మన ఊళ్లలో సళి అంటామే అది. నీళ్లతో నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గండి. దగ్గేటప్పుడు పక్కన మనుషులు లేకుండా ఆరుబయటికి వెళ్లండి. తెల్లవారి లేవగానే వచ్చే కళ్లె అయితే మరీ మంచిది.